వెనక స్టీరింగు మనిషి

మేము కట్టిన రోబో ముందుకు పరుగెత్తేది, ఉన్నచోటే గిర్రున తిరిగేది, మొహం తిప్పకుండానే పక్కకి జరిగేది. చెప్పిన మాట వినడం ఒక్కటే దానికి రాదు.

గాజువాక దాటాక, కొండ వారన ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతున్నాను నేను. నా పేరు హిమబిందు. నేనూ, ఫయాజూ, ఇంకో ముగ్గురూ కలిసి ఫిబ్రవరిలో విజయవాడలో జరిగే పోటీ కోసం ఆ రోబోను తయారుచేశాం. దానికి నాలుగు చక్రాలు. ప్రతి చక్రానికీ నడిపే మోటారు ఒకటి, తిప్పే మోటారు ఒకటి. చక్రాల పనంతా ఫయాజ్‌ది, నడిపించే కంట్రోళ్ళ పని నాది. గోదాములా కట్టిన ఇరుకు సందుల్లోంచి మూడు నిమిషాల్లో పన్నెండు గాజుసామాను పెట్టెలు మోసుకెళ్ళాలి. గోడకి తగిలితే మార్కులు పోతాయి. రోబో తనంతట తాను నడవకూడదు. నడిపేది విద్యార్థే అయి ఉండాలి.

నవంబరులో ఒక మధ్యాహ్నం వర్క్‌షాపులో బల్ల మీద మూడు రకాల కంట్రోళ్ళు పెట్టుకుని కూర్చున్నాం. రెండు పుల్లలున్న ఆటల రిమోటు, పెడళ్ళతో సహా కారు స్టీరింగు, వేలితో గీస్తే నడిచే ఫోను తెర. మూడూ ఓడిపోయాయి. స్టీరింగు పట్టుకుంటే పక్కకి జరగడం ఎలాగో తెలియలేదు. ఫోను మీద వేలు ఎక్కడుందో చూసుకునేలోపు రోబో గోడెక్కేది. రిమోటు కాస్త నయమే గాని, రోబో ఒక చుట్టు తిరిగి మావైపు మొహం పెట్టిందంటే ఎడమ కుడి అయిపోయేది.

"అసలు దీనికి ముందు ఏది?" అని విసుక్కున్నాడు ఫయాజ్. "అది చూసే వైపు ముందా, మనం చూసే వైపు ముందా? అది తేల్చకుండా ఏ కంట్రోలు పెట్టినా ఇంతే."

మా గైడు పద్మజారాణి మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అడిగారు. "ఇలా అన్ని చక్రాలూ తిరిగే బండిని నిజంగా నడిపేవాళ్ళు ఎవరైనా తెలుసా మీకు?"

నాకు తెలుసు. మా ఇంట్లోనే ఉన్నాడు. కాని చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

మా మేనమామ పోలినాయుడు రవాణా కంపెనీలో పనిచేస్తాడని మాత్రమే కాలేజీలో అందరికీ చెప్పాను. అక్కడ ఏం పని చేస్తాడో చెప్పలేదు. ఓడలో దిగిన పెద్ద పెద్ద బాయిలర్లనీ, ట్యాంకులనీ వందల టైర్ల ట్రైలరు మీద పెట్టి ఫ్యాక్టరీలకి తీసుకెళ్తారు. ముందు ఇంజను లాగుతుంది. వెనక టైర్లను తిప్పడానికి ఒక మనిషి మెడలో కంట్రోలు డబ్బా వేలాడేసుకుని, లోడు పక్కనే నడుస్తాడు. వెనక స్టీరింగు మనిషి అంటారు. మావయ్య అలా విశాఖపట్నం నుంచి రాయపూర్ దాకా నలభై మూడు రోజులు నడిచి వెళ్ళాడు. కాళ్ళకి హవాయి చెప్పులు, తలకి తువ్వాలు, దుమ్ముతో మట్టిరంగు తిరిగిన చొక్కా. నా చిన్నప్పుడు మా స్కూలు బస్సు ఒకసారి ఆ లోడు వెనక గంట సేపు ఆగిపోయింది. కిటికీలోంచి మావయ్య కనబడి చెయ్యి ఊపితే నేను సీటు కిందికి వంగి పుస్తకం వెతికినట్టు నటించాను. నా కథలో మొదటి సిగ్గు అది. అప్పుడు నాకు పదేళ్ళు గనక ఎవరైనా క్షమిస్తారు. తరవాతి వాటికి ఆ వంక లేదు.

నాకు ఊహ తెలిసేసరికే నాన్న లేడు. నన్ను చదివించింది మావయ్యే.

పిలవగానే వచ్చాడు. కొత్త చొక్కా వేసుకుని, వర్క్‌షాపు గుమ్మం దగ్గర చెప్పులు విప్పి లోపలికి అడుగుపెట్టాడు. రోబో చుట్టూ రెండుసార్లు తిరిగి, వంగి ఒక చక్రాన్ని చేత్తో తిప్పి చూశాడు.

"బలేగుందర్రా! మా బండి పిల్లలా ఉంది."

ఫయాజ్ తన అనుమానం అడిగాడు. దీనికి ముందు ఏది అని.

"లోడుకి ముందూ ఎనకా ఉండవు బాబూ" అన్నాడు మావయ్య. "నువ్వు ఎటెల్తన్నావో అదే ముందు. మొకం ఎటుందని సూసినావో, గోడకి తగిలించీసినట్టే."

నాలుగు రోజుల్లో ఆయన మాకో డబ్బా తయారుచేసి పెట్టాడు. కరెంటు మీటరు పెట్టెలాంటి దానికి తాడు కట్టి, ఎటు వెళ్ళాలో చెప్పడానికి ఎడమచేతికి ఒక పుల్ల, ఎంత తిరగాలో చెప్పడానికి కుడిచేతికి తిప్పే గుండీ ఒకటి, పైన మూడు మెట్ల స్విచ్చి. మొదటి మెట్టులో ముందు చక్రాలే తిరుగుతాయి. రెండో మెట్టులో ముందు చక్రాలు ఒకవైపు, వెనక చక్రాలు ఇంకోవైపు తిరిగి బండి ఉన్నచోటే మలుపు తీసుకుంటుంది. మూడోదానికి ఆయన పెట్టిన పేరు పీత నడక, నాలుగూ ఒకేవైపు తిరిగి బండి ఏటవాలుగా జరుగుతుంది. ఆ డబ్బాతో ఫయాజ్ వారం తిరిగేసరికి గోడకి తగలకుండా ఏడు పెట్టెలు మోశాడు. మావయ్య అయితే మొదటి రోజే పదకొండు మోశాడు.

"ఇంకేం కావాలి?" అన్నారు మేడం. "డబ్బా ఖాయం చేద్దాం. రెండు నెలలు సాధన చెయ్యండి, పన్నెండూ అవుతాయి."

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కాని నా దగ్గర తొడుగు ఉంది.

కుడిచేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా వేసుకునే నల్లటి తొడుగు అది. దాని మీద ఏడాదిన్నరగా పనిచేస్తున్నాను. చెయ్యి కదలడానికి కొద్ది క్షణాల ముందే కండరాల్లో కదలాలన్న కబురు పుడుతుంది. తొడుగు ఆ కబురును పట్టుకుంటుంది. అంటే వేలు కదిపే పనే లేదు, తిప్పాలనుకుంటే చాలు, చక్రం తిరుగుతుంది. కాకపోతే ఒకరి చేతిని నేర్చుకోవడానికి దానికి నెలలు పట్టేది. అది తగ్గించడానికి నేనొక కిటుకు పెట్టాను. చక్రం తిరిగినప్పుడల్లా తొడుగు చిన్న కరెంటు పోటుతో ఆ సంగతిని తిరిగి చేతికి చెబుతుంది. చూపుడువేలిని కదిపే కండరానికి ఒక చక్రం, నడిమివేలి కండరానికి ఒకటి, అలా నాలుగు వేళ్ళకి నాలుగు చక్రాలు. మనిషి అనుకున్నది ఒకటి, జరిగింది ఒకటి అయితే కండరం తడబడుతుంది. ఆ తడబాటు చూసి తొడుగు తన తప్పు దిద్దుకుంటుంది. నేర్చుకున్నాక దాన్ని ఇంకొకరు వేసుకున్నా నేర్పినవాడి నేర్పు అందులో ఉంటుంది.

"మావయ్య నలభై గంటలు నేర్పితే చాలు" అన్నాను మేడంతో. "తరవాత నేను వేసుకుని నడుపుతాను. నడిపేది విద్యార్థే కదా."

"డబ్బా బాగానే ఉంది కదమ్మా?"

"ప్రపంచంలో ఇలాంటిది ఎక్కడా లేదు మేడం."

అది నిజమే. కాని అసలు కారణం అది కాదు. డబ్బాతో గెలిస్తే అది మావయ్య గెలుపు. తొడుగుతో గెలిస్తే నాది. ఓటింగు పెట్టాం. ఫయాజ్ ఒక్కడే డబ్బాకి వేశాడు.

డిసెంబరులో మావయ్యకి లోడ్లు లేవు. రోజూ మధ్యాహ్నం భోంచేసి కాలేజీకి వచ్చేవాడు. తొడుగు వేసి స్విచ్చి నొక్కిన మొదటి రోజు ఆయన కుర్చీలోంచి సగం లేచాడు.

"బిందూ! ఏలికి టైరు తగిలినట్టుందే! నిజం, నేల గరుకు తెలస్తన్నాది!"

పాతికేళ్ళుగా పక్కన నడుస్తూ కంటితో కనిపెట్టిన దాన్ని ఆయన మొదటిసారి వేళ్ళతో తాకాడు. కళ్ళు మూసుకుని నడిపేవాడు. రోబో సందుల్లోంచి నీళ్ళు పారినట్టు వెళ్ళేది. మేమంతా పని మానేసి చూసేవాళ్ళం. మొత్తం ఎనిమిది గంటల సాధనకే పన్నెండు పెట్టెలూ మోసేశాడు.

తొమ్మిదో గంటలో నా తెర మీద ఎర్ర గీత లేచింది.

తెర మీద రెండు గీతలుండేవి. తొడుగు చేతిని ఎంత నేర్చుకుందో చెప్పేది నీలం గీత. అది పెరగాలి. చెయ్యి తొడుగును ఎంత నేర్చుకుందో చెప్పేది ఎర్ర గీత. అది నేలకి అంటుకుని ఉండాలి. ఆ గీతను పెట్టమని చెప్పింది మేడమే. చేతికి తిరిగి కబురు పంపుతున్నాం గనక చెయ్యి మారిపోతోందేమో చూస్తుండాలి అన్నారు. తొమ్మిదో గంటలో ఆ గీత కొంచెం తల ఎత్తింది. పదో గంటలో ఇంకొంచెం. మావయ్య వేళ్ళు చక్రాలవుతున్నాయి.

నాకు అర్థమైంది. అర్థం కాలేదని ఎప్పుడూ ఎవరికీ చెప్పను. ఆపితే నీలం గీత సగంలో ఆగిపోతుంది, పోటీకి తొడుగు సిద్ధం కాదు. ఎర్ర గీత పక్కనున్న చిన్న గడిలో టిక్కు తీసేశాను. గీత తెర మీంచి మాయమైంది.

మేడం అటుగా వచ్చినప్పుడు అడిగారు. "ఇంకో గీత ఉండాలి కదా, ఏదీ?"

"వైర్లు వదులయ్యి తప్పు చూపిస్తోంది మేడం. సరిచేసి పెడతాను."

మేడం తలూపి వెళ్ళిపోయారు. నా మాట నమ్మకపోవడానికి ఆవిడకి కారణం లేదు.

నలభై గంటలూ పూర్తి చేయించాను.

ఇంట్లో మొదట తెలిసింది అన్నం దగ్గర. మావయ్య పప్పన్నం కలిపి ముద్ద చేద్దామంటే వేళ్ళు ముడుచుకోలేదు. నాలుగూ ఒకేవైపు ఒరిగిపోయాయి. పీత నడక. ముద్ద కంచం అంచు దాటి చాప మీద పడింది. ఆయన గబుక్కున తీసి కంచంలో వేసుకుని, మేము చూశామేమోనని తలెత్తాడు. నేను మంచినీళ్ళ గ్లాసు వైపు చూస్తున్నాను.

రెండు రోజుల తరవాత ఆయన ఎడంచేత్తో తినడం మొదలుపెట్టాడు. మా అమ్మ వరహాలమ్మ ఊరుకోలేదు.

"ఏట్రా పోలీ, ఎడం సేత్తో అన్నమేట్రా? సిన్నపిల్లడివేటి?"

"తిమ్మిరెక్కిందే అక్కా. బీపీ గావాల."

"ఆస్పత్రికి ఎల్లరా మరి!"

"ఎల్తాన్లే."

ఎడంచేత్తో తినడమంటే ఆయనకి ఎంత నామోషీయో నాకు తెలుసు. గోడవైపు తిరిగి కూర్చుని తినేవాడు. చొక్కా గుండీలు పెట్టుకోలేక తలమీంచి వేసుకునే బనీనులు కొనుక్కున్నాడు. అద్దం ముందు నిలబడి కుడిచేతిని ఎడంచేత్తో నలుపుకుంటూ దాంతో మెల్లగా ఏదో చెప్పుకునేవాడు. నేను ఎదురుగానే ఉన్నాను. ఇరవై రోజులు. కొన్నాళ్ళు వాడకపోతే అదే సర్దుకుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. సర్దుకుంటుందనడానికి నా దగ్గర ఒక్క ఆధారమూ లేదు.

జనవరి మూడో వారంలో మావయ్యకి లోడు వచ్చింది.

"ఇంకా తిమ్మిరి తగ్గలేదు కదా మావయ్యా, సెలవు పెట్టకూడదా?" అన్నాను.

"గుండీ తిప్పడమే కదే. అన్నం ముద్దకి మొరాయిస్తాది గాని పనికి మొరాయించదు నా సెయ్యి."

అప్పుడైనా చెప్పొచ్చు. గుమ్మంలో నిలబడి చెప్పులు వేసుకుంటున్నాడు. నోరు తెరిచాను. "జాగ్రత్త" అన్నాను.

ఫ్యాక్టరీ గేటు దగ్గర మలుపులో జరిగింది. ట్రైలరు తోకను కుడికి తిప్పాలి. మావయ్య కుడికే అనుకున్నాడు. చెయ్యి మాత్రం గుండీని పూర్తిగా ఎడమకి తిప్పేసింది. వెనక టైర్లన్నీ ఒక్కసారి ఒరిగి, తోక వెళ్ళి ప్రహరీగోడని కొట్టింది. గోడ పక్కన ఎర్రజెండా పట్టుకుని జగ్గారావు అనే ఆయన నిలబడి ఉన్నాడు. మావయ్యతో పదహారేళ్ళుగా నడిచినవాడు. ఇటుకలు కూలి ఆయన ఎడమకాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది.

మావయ్య తాగి ఉన్నాడన్నారు. ఊదించి చూస్తే ఏమీ లేదు. అయినా అజాగ్రత్త అని రాసి పనిలోంచి ఆపేశారు. ఫిబ్రవరి చివర విచారణ అన్నారు.

ఆ రోజు నుంచి ఇంట్లో ఆయన గొంతు వినబడేది కాదు. జగ్గారావును చూడడానికి రోజూ ఆసుపత్రికి వెళ్ళేవాడు. వచ్చి అరుగు మీద కూర్చుని కుడిచేతిని తువ్వాలులో చుట్టుకునేవాడు, ఎవరికీ కనబడకుండా.

"ముసలాణ్ణి అయిపోనాను గావాల" అన్నాడు అమ్మతో ఒకసారి. ఆయనకి నలభై ఎనిమిదేళ్ళు.

పోటీ పదో తారీకున. ఫయాజ్ మావయ్యను కూడా రమ్మని బలవంతపెట్టాడు. ఇంట్లో కూర్చుని కుమిలిపోతున్నారు, మీరు నేర్పినది మీరే చూడాలి అన్నాడు. వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు.

నేను తొడుగు వేసుకున్నాను. నేర్చుకునే పని ముగిసింది గనక అది తిరిగి పోటు ఇవ్వదు. నా చేతికి ఏమీ కాదు. ఆ ఏర్పాటు చేసింది కూడా నేనే. గంట మోగింది. రోబో కదిలింది. సందులోకి ఏటవాలుగా దూరి, మలుపులో ఉన్నచోటే తిరిగి, పెట్టె తీసుకుని, గోడకి బెత్తెడు దూరంలో ఆగకుండా జారిపోయింది. ఆ నడక నాకు తెలుసు. అది మావయ్య నడక. తొందరపడని, ఒక్క అడుగు కూడా వృథా చెయ్యని నడక. రెండు నిమిషాల నలభై సెకన్లలో పన్నెండు పెట్టెలూ అయిపోయాయి. హాలంతా లేచి నిలబడింది.

బహుమతి ఇచ్చేముందు ఒక న్యాయనిర్ణేత మైకులో అడిగాడు. "అద్భుతంగా ఉందమ్మా. ఈ తొడుగుకు నడపడం నేర్పింది ఎవరు?"

విద్యార్థి కానివాడు నేర్పాడంటే నియమాలకి విరుద్ధమేమోనని భయం. ఎవరు, ఏం చేస్తాడు, ఇప్పుడు ఎలా ఉన్నాడు అని అడుగుతారేమోనని ఇంకా భయం.

"ఎవరూ లేరు సార్. కంప్యూటరులో తయారుచేసిన నమూనాతో నేర్పాం."

ఫయాజ్ నావైపు తిరిగి చూశాడు. చివరి వరసలో మావయ్య చప్పట్లు కొడుతున్నాడు. కుడిచెయ్యి చెప్పినట్టు వినదు గనక ఎడంచేత్తో మోకాలి మీద కొట్టుకుంటున్నాడు.

తిరుగు రైల్లో ఆయన నా పక్కనే కూర్చున్నాడు. నేను కిటికీలోంచి చూస్తుంటే తనే మాట కలిపాడు.

"నా పేరు సెప్పలేదని మనసులో పెట్టుకోకే. సెప్తే బగుమతి పోద్ది కదేటి. నాకు తెల్దేటి?"

నేను సంచిని ఒళ్ళోకి లాక్కున్నాను.

"విచారణలో ఒప్పేసుకుంటాను. కునుకు పట్టీసిందని సెప్తాను. అయిపోద్ది. జగ్గడి మొకం సూడలేకపోతన్నాను." నా ఒళ్ళో ఉన్న సంచి మీద ఎడంచెయ్యి వేశాడు. తొడుగు అందులోనే ఉంది. "పోన్లే. నా సెయ్యి పోయినా, నా పని నీ కాడ ఉంది. అది సాలు."

సామర్లకోట స్టేషనులో రైలు ఆగింది. నేను దిగి ప్లాట్‌ఫారం మీద కొళాయి దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుంటూ ఉండిపోయాను. ఫయాజ్ వెనకే వచ్చాడు. ఎర్ర గీత సంగతి వాడికి చెప్పాను. మొదటిసారి ఒక మనిషికి చెప్పడం అదే. రైలు కూత వేశాక వాడు అన్నాడు.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తాను."

చెప్పడానికి పన్నెండు రోజులున్నాయి. పొద్దున్నే ఈ రోజు చెబుతాను అనుకునేదాన్ని. కాఫీ ఇచ్చేటప్పుడు, బనీను ఉతికి ఆరేసేటప్పుడు, ఆయన టీవీ ముందు తల వాల్చి కూర్చున్నప్పుడు. ఒక్కరోజూ చెప్పలేదు. మేడం దగ్గరికి మాత్రం వెళ్ళి అంతా చెప్పాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, "నేను ఆ గీతను ఇంకోసారి అడగాల్సింది" అన్నారు. నన్ను తిట్టలేదు. కంప్యూటరులో నమోదై ఉన్న గీతలన్నీ కాగితాల మీదికి తీసి సంతకం చేసి ఇచ్చారు.

విచారణ కంపెనీ షెడ్డు పక్కన చిన్న గదిలో జరిగింది. మేనేజరు, ఇద్దరు అధికారులు, యూనియను మనిషి, చంకల్లో కర్రలతో జగ్గారావు, ఆయన భార్య. మావయ్య మేనేజరు ఎదురుగా నిలబడి ఉన్నాడు. కునుకు పట్టిందండి అని ఆయన మొదలుపెట్టేలోపు నేను గుమ్మంలోంచి మాట్లాడాను.

ఇంట్లో చెప్పలేనిది పదిమందిలో చెప్పాను. తొడుగు, పోటు, తొమ్మిదో గంట, ఎర్ర గీత, టిక్కు తీసెయ్యడం, గుమ్మంలో జాగ్రత్త అనడం. కాగితాలు బల్ల మీద పెట్టాను. మాట్లాడినంతసేపూ బల్ల అంచునే చూశాను.

జగ్గారావు భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మావయ్య మేనేజరు వైపు చూడలేదు. నా దగ్గరికి వచ్చి, కోపంలేని గొంతుతో అడిగాడు.

"తొమ్మిదో గంటలో తెల్సిందా నీకు?"

"ఆఁ."

"నాను ఎన్ని గంటలు ఏసుకున్నాను?"

"నలభై."

వేళ్ళ మీద లెక్కపెట్టబోయాడు. వేళ్ళు వంగలేదు. అయినా పెదాలతో లెక్కపెట్టాడు.

"ముప్పయ్యొకటి" అన్నాడు. "ఆ ముప్పయ్యొక్క గంటలూ నువ్వు నా పక్కనే కూకున్నావు కదే. మజ్జిగ కూడా ఇచ్చినావు."

అంతే అన్నాడు. నేను ఏడవలేదు. ఏడిస్తే ఆయన ఓదారుస్తాడని తెలుసు, ఆ హక్కు కూడా నాకు లేదనిపించింది.

వాంగ్మూలం రాసి మావయ్యను సంతకం పెట్టమన్నారు. కుడిచేత్తో కలం పట్టుకోబోతే జారిపోయింది. గుమస్తా చూసి సిరాపెట్టె ముందుకు తోశాడు, వేలిముద్ర వెయ్యమని. మావయ్య ఆ పెట్టెను పక్కకి నెట్టి ఎడంచేత్తో కలం తీసుకున్నాడు. ఒక్కొక్క అక్షరమూ వంకరగా, పెద్దగా, గీత దాటిపోతూ వచ్చింది. పో రాశాక ఊపిరి తీసుకున్నాడు. లి దగ్గర కాగితం కాస్త చిరిగింది. మేనేజరు గడియారం చూసుకుని మళ్ళీ చెయ్యి దించేశాడు. పేరు పూర్తయ్యేదాకా ఎవరూ కదల్లేదు. నేను నిలబడి చూశాను.

అజాగ్రత్త అన్న మాట కాగితాల్లోంచి కొట్టేశారు. కాని చెయ్యి పాడైందని నేనే రుజువు చేశాను గనక ఇక ఎప్పటికీ స్టీరింగు ఇవ్వమన్నారు. కునుకు పట్టిందని చెప్పి ఉంటే ఆరు నెలల తరవాత పనిలోకి తీసుకునేవారట. అలా తీసుకుని ఉంటే ఇంకెవరి కాలో, ప్రాణమో పోయేది. అది తెలిసినా అమ్మ నాతో నెల రోజులు మాట్లాడలేదు. బహుమతి వెనక్కి ఇచ్చేశాం. కాలేజీ నా డిగ్రీ ఏడాది ఆపింది. తొడుగు మేడం బీరువాలో ఉంది. జగ్గారావు ఇంటికి వెళ్తే ఆయన భార్య నాకు కుర్చీ వేసి టీ పెట్టింది. ఆ టీ తాగడం నా వల్ల కాలేదు.

ఇప్పుడు మావయ్య కంపెనీలో కొత్తవాళ్ళకి స్టీరింగు నేర్పుతున్నాడు. డబ్బా వాళ్ళ మెడలో ఉంటుంది, ఆయన పక్కన నడుస్తూ నోటితో చెబుతాడు. నాతో మాట్లాడతాడు, కావలసినంత వరకే.

మంగళవారాలు పెద్దాసుపత్రిలో చేతికి కసరత్తు చేయిస్తారు. నేనూ వెళ్తాను. రమ్మని ఆయన అనలేదు, వద్దనీ అనలేదు. ఒక పళ్ళెంలో శనగలు పోసి ఒక్కొక్కటే తీసి గిన్నెలో వెయ్యమంటారు. మొదటి నెలలో గంటకి నాలుగు వేసేవాడు. ఇప్పుడు ముప్పయి దాటుతున్నాయి. అన్నం కుడిచేత్తోనే తింటున్నాడు, నెమ్మదిగా.

మొన్న కొత్త డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు. ఫైలంతా తిరగేసి ఆశ్చర్యపోయింది.

"ఇలాంటి కేసు ఎప్పుడూ చూడలేదండీ. ఏమిటిది, ఏదో తొడుగు వల్ల అని రాశారు? ఎవరు చేశారు ఇలాంటిది?"

వరండాలో పదిమంది రోగులున్నారు. నేను నేల చూశాను. మావయ్య వేళ్ళ మధ్య ఉన్న శనగగింజను గిన్నెలో వేసేదాకా ఆగి, తలెత్తి నన్ను చూపించాడు.

"మా అక్క కూతురండి" అన్నాడు. "ఇదే సేసింది."

ఆ గొంతులో నింద లేదు. ఎత్తిపొడుపు లేదు. ఎవరైనా అడిగితే ఇంటి పేరు చెప్పినట్టు చెప్పాడు. డాక్టరమ్మ నావైపు తిరిగింది, వరండాలో వాళ్ళంతా తిరిగారు. నేను తలెత్తి, "అవునండీ, నేనే" అన్నాను.

మావయ్య అప్పటికే ఇంకో గింజ కోసం వేళ్ళు చాపాడు.